రెండో పీట

పడవ ఇంత పొడుగెందుకైంది? పోయినవారం టైలరమ్మని హాలు మధ్యలో కొయ్యబారేలా చేసిన ప్రశ్న ఇదే.

కథలోకి కొత్తగా తొంగి చూస్తున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. వీధి మొగలో, ఇంటి ముందు గదిలోనే, ఆడవాళ్ల బట్టలు కుట్టే షాపు ఈవిడది. పుట్టింటివాళ్లు సరుకుల పడవ నడిపేవాళ్లు. ఈవిడ తప్పటడుగులు వేసింది ఆ పడవ బల్లల మీదే. ఊరి పక్క జలాశయంలో ఏటా జరిగే, ఇంట్లో చేసిన పడవల పందెంలో ఈసారి తానూ దిగాలని, ఎవర్నీ అడక్కుండా ఒక్క మనిషి పట్టే పడవ కిట్టు తెప్పించుకుంది. ముందే కోసి, అంచుల వెంట బెజ్జాలు వేసిన పల్చటి ప్లైవుడ్ ముక్కలు, రాగితీగ చుట్టలు, జిగురు డబ్బాలు, గాజుపీచు బట్ట, అంతే కిట్టంటే. చెక్కల్ని తీగతో కుట్టాలి, కుట్ల మధ్య జిగురు మెత్తాలి, అది రాయిలా బిగిశాక తీగలు పీకెయ్యాలి. "కుట్టుపనేగా! నాకు రానిదా?" అని కొంగు బిగించింది.

ఆమె భర్త లెక్కల మాస్టారు. నీళ్లంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. "నీ ఇష్టం. నేను మాత్రం దాని మీద చెయ్యీ వెయ్యను, దాని గురించి మాటా మాట్లాడను" అని హాలు గుమ్మంలో నిలబడి ఒట్టేసుకున్నాడు. ఆ రోజు మొదలు ఆయన తీరే మారిపోయింది. తెల్లవారుతూనే సంచి పట్టుకుని మాయమవుతాడు. తిరిగొచ్చేసరికి తడి జుట్టు, ఎర్రబడ్డ కళ్లు. ఏమిటంటే వాకింగ్ అంటాడు. ఏ వాకింగులో జుట్టు తడుస్తుందో ఆయనకే తెలియాలి.

పోయినవారం టైలరమ్మ చివరి కుట్టు బిగించి తీగలన్నీ గట్టిగా లాగింది. అప్పటిదాకా చాపల్లా పడున్న చెక్కలు ఒక్కసారిగా పైకి లేచి, ఒళ్లు విరుచుకుని, పడవ రూపం తెచ్చుకున్నాయి. ఆమె చప్పట్లు కొట్టబోయింది. ఆలోగా పడవ ముక్కు వెళ్లి వంటింటి గుమ్మానికి ఠక్కున కొట్టుకుంది. అనుమానమొచ్చి పెట్టె అడుగున వెతికితే, ఒకటి ఉండాల్సిన చోట కూర్చునే పీటలు రెండున్నాయి.

అక్కడ ఆగాం.

ఆదివారం పొద్దున్నే టైలరమ్మ కిట్టు పంపిన కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఒకమ్మాయి, గొంతు వింటే అప్పుడే నిద్ర లేచినట్టుంది.

"నేను అడిగింది ఒక్కరు కూర్చునే పడవమ్మా. మీరు పంపింది ఇద్దరిది" అంది టైలరమ్మ.

కాసేపు టకటకమని మీటల చప్పుడు. "మీరే మార్పించారు కదండీ? ఆర్డరిచ్చిన మర్నాడే మీ ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఒక పీటది వద్దు, రెండు పీటలది పంపమని చెప్పారు."

"మా ఇంటి నుంచా? ఎవరు చేశారు?"

"ఎవరో మగాయనండీ. చాలా మర్యాదగా మాట్లాడారు. ఇద్దరు కూర్చుంటే పడవ ఎంత లోతు మునుగుతుంది, ఒకరు కదిలితే ఎంత ఒరుగుతుంది, అన్నీ లెక్కలడిగారు. మా సారు కూడా చెప్పలేకపోయారండీ, ఆయనే కాగితం మీద వేసుకుని మాకు చెప్పారు."

ఇంక పేరెందుకు? పడవ మునకలో కూడా ఎక్కం వేసుకునే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే.

టైలరమ్మ ఫోన్ పెట్టేసి పడవ అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె కోపం పడవ పెద్దదైనందుకు కాదు. ఇన్నేళ్లుగా ఆమె చేతి కిందుగా పోయిన బట్ట అంతా ఒకరి నడుముకో, ఒకరి భుజానికో కుట్టిందే. తన జాకెట్టు కూడా మిగిలిన గుడ్డలో సర్దుకుని కుట్టుకున్నదే. ఈ ఒక్క పడవ మాత్రం తన కొలతకి ఉండాలనుకుంది. తానొక్కతే కూర్చోవాలి, తనొక్క తెడ్డే నీళ్లలో పడాలి. ఆ కొలతని అడక్కుండా మార్చేశాడు ఈ మహానుభావుడు!

"రానీ చెప్తాను" అనుకుంది. మాస్టారు ఇంకా ఆ తడి వాకింగ్ నుంచి తిరిగి రాలేదు.

పని మాత్రం ఆపదలచుకోలేదు. పొడుగైతే అయింది, పీట మాత్రం ఒక్కటే బిగిస్తాను, సరిగ్గా నడిమధ్యలో, అని తీర్మానించుకుంది. ఇవాళ జిగురు పెట్టే రోజు. దానికి రెండు జతల చేతులు కావాలి. సాయానికి ఆడపడుచు వస్తానంది. ఆమె ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేస్తుంది. "వదినా, ఆసుపత్రి గేటు దాటాను. నువ్వు కలపడం మొదలెట్టెయ్" అని ఫోన్ కూడా చేసింది.

టైలరమ్మ గ్లౌజులు తొడుక్కుంది. జిగురులో గట్టిపరిచే మందు కొలత ప్రకారం పోసి, సన్నటి చెక్కపొడి చల్లి, పుల్లతో గిలక్కొట్టింది. చిక్కటి వెన్నలా వచ్చింది. వాసన ముక్కుకి ఘాటుగా తగిలింది. ఒకసారి కలిపాక ఈ జిగురుకి ఎవరి మీదా మొహమాటం ఉండదు. ఉన్న కాసేపట్లో మెత్తుకున్నవాళ్లకి మెత్తుకున్నంత, ఆ తర్వాత గిన్నెలోనే బండరాయి.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"వదినా, ఏమనుకోకు! వెనక్కి పిలిచేశారు. అర్జంటు ఆపరేషనట. నువ్వింకా కలపలేదుగా?"

టైలరమ్మ చేతిలోని గిన్నె వంక చూసింది. "లేదులే, నువ్వెళ్లు" అంది. ప్రాణం పోసేవాళ్లని పడవ కోసం ఎవరాపుతారు?

నిండా మునిగాక చలేమిటి! ఒంటి చేత్తోనే మొదలెట్టేసింది. జిగురుని పాల కవరులో నింపి, మూల కత్తిరించి, కుట్టు వెంట సన్నగా పిండుతూ వెళ్లింది. చెంచా వెనక్కి తిప్పి నున్నగా లాగింది. పిండాలి, లాగాలి, పాక్కుంటూ ముందుకు జరగాలి. ఎడం పక్క కుట్టు సగమైనా కాలేదు, చెమట కళ్లలోకి దిగుతోంది. అయినా ఆ గీత నిగనిగలాడుతూ వస్తుంటే ఒళ్లు పులకరించింది. ఎన్ని వేల కుట్లు వేసిన చెయ్యి! ఏ కుట్టూ ఇలా నీళ్లని ఆపడానికి వేసింది కాదు.

వీధి తలుపు తెరుచుకుంది. మాస్టారు వచ్చాడు. తడి జుట్టు, చంకలో సంచి. అలవాటు ప్రకారం హాలు గుమ్మం దగ్గర ఆగాడు. ఆమె తలెత్తలేదు. ఆయన లోపలికి రాలేదు. కానీ అక్కణ్ణుంచి కదలనూ లేదు. పడవ వెడల్పు నిలపడానికి ముందొకటి, వెనకొకటి అడ్డంగా పెట్టిన కొలబద్దల వంక ఒక కన్ను మూసి చూశాడు. కన్ను మార్చి చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. మింగలేక, కక్కలేక, గుమ్మానికి వేళ్లతో తాళం వెయ్యడం మొదలుపెట్టాడు.

"ఏమిటా టకటక?" అంది ఆమె, తల తిప్పకుండానే.

"ఏం లేదు."

"ఏం లేకపోతే అవతలికెళ్లండి."

ఆయన వెళ్లలేదు. చివరికి ఒట్టు గట్టు దాటేసింది. "ఆపు! జిగురు ఆపు! పడవ మెలి తిరిగుంది!"

"ఏం కాదు. నేను గచ్చు మీద సమంగానే నిలబెట్టాను."

"మనింటి గచ్చే సమంగా లేదు! కడిగిన నీళ్లు తూము వైపు పోవాలని వాలుగా పోశారు. గచ్చుని నమ్మి నిలబెట్టావు. ఆ రెండు బద్దలూ చూడు, ఒకదానితో ఒకటి పలకట్లేదు. ఇలాగే గట్టిపడిందంటే నువ్వు తెడ్డు ఎటేసినా అది గుండ్రంగానే తిరుగుతుంది!"

టైలరమ్మ లేచి వచ్చి ఆయన పక్కన నిలబడి ఒక కన్ను మూసింది. నిజమే. ముందు బద్ద సరిగ్గా ఉంది, వెనకది ఒక పక్కకి వాలింది. చంక దగ్గర బిగిసిన చొక్కాలా పడవ మొత్తం ఒక పక్కకి లాగుతోంది.

"ఇప్పుడేం చేయాలి? మెత్తడం మొదలెట్టేశాను!"

ఆ ప్రశ్నతో మాస్టారి ఒట్టు పూర్తిగా చచ్చిపోయింది. సంచి విసిరేశాడు. అలమారలోంచి ఎనిమిదో తరగతి గణిత పుస్తకాలు దొంతరగా లాక్కొచ్చి వెనక ఎడమ కొస కింద దోపాడు. "అవతలి మూల బరువు కావాలి. ఏదుంది?" ఆమె పరుగెత్తుకెళ్లి షాపు ఇస్త్రీపెట్టె తెచ్చింది. చాల్లేదు. ఇంకోటి తెచ్చింది. ఆయన గుమ్మం దగ్గరికి పరుగెత్తి చూస్తాడు, "ఇంకొంచెం!" అంటాడు. ఆమె ఇంకో పుస్తకం దోపుతుంది. "ఎక్కువైంది, ఒకటి తియ్!" ఆమె తీస్తుంది. "అదీ! అదీ! కదపకు!"

రెండు బద్దలూ ఒకే గీతలోకి వచ్చాయి. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

అంతలో చెయ్యి చురుక్కుమని టైలరమ్మ అరిచింది. గిన్నె వేడెక్కిపోతోంది, పైన సన్నటి పొగ. మాస్టారు దాన్ని లాక్కుని వంటింటి వెడల్పాటి పళ్లెంలో ఒంపేశాడు. "గుట్టగా ఉంటే దాని వేడికి అదే ఉడికిపోతుంది. పల్చగా పరిస్తే ఇంకాసేపు ఆగుతుంది. పద పద, నువ్వా పక్క, నేనీ పక్క!"

గ్లౌజులు తొడుక్కుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పడవకి అవతలి పక్కన మోకరిల్లాడు మాస్టారు. టైలరమ్మ కవరు పిండుతూ ఆయన్నే చూసింది.

"పళ్లెంలో పోస్తే ఆగుతుందని మీకెలా తెలుసు?"

"ఎక్కడో చదివాను."

"పడవ గురించి మాటే ఎత్తనన్న మనిషి, పడవ జిగురు గురించి ఎక్కడ చదివారు?"

మాస్టారు చెంచాని పళ్లెం అంచుకేసి గీకాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నాడు.

"కంపెనీ అమ్మాయితో మాట్లాడాను పొద్దున" అంది ఆమె.

ఆయన చెంచా ఆగిపోయింది.

"ఆపకండి, జిగురు బిగుస్తుంది. పని చేస్తూనే చెప్పండి. నా పడవని మీరెందుకు మార్పించారు?"

మామూలు రోజైతే మాస్టారు ఈపాటికి పేపరు తీసుకుని వరండాలోకి పోయేవాడు. ఆమె గిన్నెలు ధనామని పెట్టేది. మాట అక్కడితో మూలపడేది. ఇవాళ ఇద్దరికీ ఆ దారి లేదు. చేతులు జిగురులో ఉన్నాయి, జిగురు ఎవరి కోసమూ ఆగదు. పడవకి అటొకరు, ఇటొకరు, మొహాలు ఎదురెదురుగా.

"చెప్తాను. కోప్పడకు" అన్నాడు.

"కోప్పడతాను. చెప్పండి."

"ఇద్దరికి ఉంటే బావుంటుందనిపించింది."

"ఎవరికి బావుంటుంది? ఎవరైనా వచ్చి, మీ ఆవిడ కొలతలు ఇలా ఇచ్చింది గానీ కాస్త వదులుగా కుట్టెయ్యమ్మా అంటే, నేను కుడతానా? ఆ మొగుణ్ణి గుమ్మం ఎక్కనిస్తానా? నా కొలతండీ అది! జీవితంలో మొదటిసారి నేను నాకు ఇచ్చుకున్న కొలత!"

మాస్టారు తల దించుకున్నాడు. "తప్పే" అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. కోపానికి ఆనుకునే గోడ లేక తూలింది. "అయినా ఆ రెండో పీట మీద ఎవర్ని కూర్చోబెడదామని?"

"నేనే."

టైలరమ్మకి నవ్వొచ్చేసింది. "మీరా! వానొస్తే వీధి దాటడానికి రిక్షా పిలిచే మీరా!"

"ఈత నేర్చుకుంటున్నాను" అన్నాడు మాస్టారు మెల్లిగా. "రోజూ పొద్దున్నే. మునిసిపాలిటీ కొలనులో. చిన్నపిల్లల బ్యాచ్‌లో వేశారు నన్ను. వాళ్లంతా నన్ను తిమింగలం తాతయ్య అంటారు. మొదటి వారం ముక్కులోకి నీళ్లు పోయి చచ్చాననుకున్నాను. ఇప్పుడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్తున్నాను. కప్పలా, రొప్పుతూ. కానీ వెళ్తున్నాను."

తడి జుట్టు, ఎర్రటి కళ్లు, చంకలో సంచి, అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. ఆమె చేతిలోని కవరు దానంతట అదే గట్టిగా నొక్కుకుని జిగురు ముద్దగా పడింది. మాస్టారు గబుక్కున చెంచాతో ఎత్తి తన పక్క కుట్టుకి మెత్తాడు.

"ఇంత యాతన ఎందుకండీ? నేను పడిపోతానని భయమా? పడవ మీద పుట్టినదాన్ని నేను! చేపపిల్లకి మీరు కాపలా ఏమిటి?"

మాస్టారు చెంచా నున్నగా లాగుతూ మూల దాకా వెళ్లాడు. అక్కడ ఆగి, ఆమె కళ్లలోకి చూశాడు.

"నీకు ఈత రాదు" అన్నాడు.

టైలరమ్మ చేతిలోని కవరు కింద పెట్టింది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పెళ్లైన కొత్తలో సముద్రానికి వెళ్లాం. అందరూ నీళ్లలోకి పరిగెత్తారు, నువ్వు చెప్పులకి కాపలా కూర్చున్నావు. జలపాతం దగ్గర నీకు తలనొప్పి. మా చెల్లెలి పెళ్లయ్యాక అంతా చెరువుకెళ్తే నీకు కాలు బెణికింది. సాయంత్రానికి ఆ కాలుతోనే మెట్లన్నీ ఎక్కావు. నేను లెక్కల మనిషిని. ఒకసారి జరిగితే ఏదోలే అనుకుంటాను. ప్రతిసారీ జరిగితే అది సూత్రం."

టైలరమ్మ మోకాళ్ల మీదే వెనక్కి కూర్చుంది. ఇన్నేళ్లలో అత్తింట్లో ఎవరూ పట్టుకోని సంగతి. నీళ్ల మీద పెరిగింది నిజమే, నీళ్లలో మాత్రం ఒక్కనాడూ దిగలేదు. బుడ్డది జారిపోతుందని తండ్రి ఆమె నడుముకి తాడు కట్టి తెరచాప కొయ్యకి కట్టేసేవాడు. తాడు విప్పే వయసొచ్చేసరికి పడవ అమ్మేశారు. పడవవాళ్ల పిల్లకి ఈత రాకపోవడమేమిటని లోకమే అనేసుకుంది. కాదని చెప్పడానికి ఆమెకి మనసొప్పలేదు. ఆ అబద్ధం ఆమె ఆడింది కాదు, ఊరు కుట్టి తొడిగింది. బాగానే అమరింది కదా అని వేసుకు తిరిగింది.

"తెలిసి కూడా ఒక్కమాట అనలేదేం?" అంది.

"అంటే నువ్వొప్పుకుంటావా? పడవ ఎక్కొద్దంటే వింటావా?"

"వినను."

"అందుకే. నువ్వు ఎక్కకుండా ఆపలేను. నువ్వు పడితే దూకడానికి ఒకడుంటే చాలనుకున్నాను. గట్టు మీద ఉండి దూకితే ఆలస్యమవుతుందని లెక్క తేలింది. అందుకని వెనక పీట."

"నాతో చెప్పి చేయొచ్చుగా!"

"ఈత రాకపోతే? అప్పుడు పరువు పోతుందని భయం. నేర్చుకోలేకపోతే ఆ పీట మీద నువ్వు నీ సంచి పెట్టుకుంటావులే అనుకున్నాను."

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. జిగురు గ్లౌజుతో కళ్లు తుడుచుకోబోతే, "అయ్యో, ఆగు!" అంటూ మాస్టారు పడవ మీంచి వంగి మోచేత్తో ఆమె చెంప తుడిచాడు. చొక్కా చేతి నుంచి బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చింది.

"మీరు చేసింది తప్పే" అంది, ముక్కు ఎగబీలుస్తూ.

"తప్పే అన్నానుగా."

"నన్ను అడక్కుండా నా మీద ప్రేమ చూపించడం కూడా తప్పే."

"దానికి నేనేం చెప్పను?"

"ఏం చెప్పొద్దు. ఆ రెండో పీట బిగించాలో వద్దో నేనే చెప్తాను."

"నువ్వే చెప్పు. నీ పడవ."

ఆ మాటతో ఆమె మళ్లీ కవరు అందుకుంది. మాటలు లేకుండా చకచకా సాగింది పని. ఆమె పిండడం, ఆయన లాగడం. ఆమె చెయ్యి ముందుకు జరిగేసరికి ఆయన చెంచా అక్కడికి వచ్చేస్తోంది. ముక్కు దగ్గర ఇద్దరి గీతలూ కలిశాయి. పళ్లెంలో అడుగున మిగిలిన జిగురు అప్పుడే గట్టిపడి టంగుమంది. గెలిచాం అన్నట్టు ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. మాస్టారు గుమ్మం దగ్గరికి పరుగెత్తి ఒక కన్ను మూసి చూశాడు. "గీత గీసినట్టుంది!" అని అరిచాడు. పక్కింటావిడ కిటికీ తెరిచి ఏమైందని అడిగేటంత గట్టిగా.

మధ్యాహ్నానికి తలుపు తట్టిన మనిషి మెడలో టేపు వేలాడేసుకున్న పెద్దాయన. పందెం కమిటీ తరపున వచ్చాడు.

"పడవలు నిజంగా ఇంట్లో చేస్తున్నారా లేదా అని ఇల్లిల్లూ తిరిగి చూస్తున్నామమ్మా. పోయినేడు ఒకాయన కొనుక్కొచ్చిన పడవకి రంగేసి తెచ్చాడు. మీ చేతులు చూస్తే మాత్రం నాకే అనుమానమూ లేదు" అని నవ్వి, టేపుతో పొడుగు కొలిచాడు. ఇస్త్రీపెట్టెల్నీ, గణిత పుస్తకాల్నీ వింతగా చూశాడు. "పెద్ద పడవే. ఎక్కేది ఒక్కరా, ఇద్దరా?"

మాస్టారు భార్య వంక చూశాడు. భార్య నేల వంక చూసింది.

"ఎందుకంటే ఈసారి కొత్త నిబంధన పెట్టారు" అన్నాడు పెద్దాయన. "ఎక్కేవాళ్లంతా ఈత పరీక్ష నెగ్గాలి. రేపు పొద్దున మునిసిపాలిటీ కొలనులో. మునగకుండా తేల్చే కోటు వేసుకోకూడదు. ఎలా ఈదినా పర్లేదు, అవతలి గట్టు ముట్టుకుంటే చాలు. పేరిచ్చి నెగ్గకపోతే పడవని పందెంలోంచి తీసేస్తారు."

రేపు పొద్దున!

మాస్టారు ముందుకొచ్చాడు. "ఒక్కరేనండీ. నేనొక్కణ్ణే ఎక్కుతాను" అన్నాడు. ఆమెని కాపాడదామనే అన్నాడు పాపం. ఆ మాట గాల్లో ఉండగానే దాని అర్థం టైలరమ్మకి తగిలింది. తన పడవ, తన కుట్లు, తన పందెం. గట్టు మీద తాను, నీళ్ల మీద మొగుడు!

"ఇద్దరం" అంది.

"ఏమిటమ్మా?"

"ఇద్దరం ఎక్కుతాం. ఇద్దరి పేర్లూ రాసుకోండి. రేపు పొద్దున వస్తాం."

పెద్దాయన టిక్కు పెట్టుకుని, శుభం పలికి వెళ్లిపోయాడు. తలుపు మూశాక మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. "ఏం చేశావో తెలుసా? ఈ గట్టు నుంచి ఆ గట్టుకి రావడానికి నాకు ఎన్ని వారాలు పట్టిందో తెలుసా? నీకున్నది ఒక్క సాయంత్రం!"

"మీకు చిన్నపిల్లలు నేర్పారు. నాకు తిమింగలం నేర్పుతుంది" అంది టైలరమ్మ. అప్పటికే ఆమె మిషను ముందు కూర్చుంది. షాపులో ఎవరో డాన్సు డ్రస్సుకని ఇచ్చి తీసుకెళ్లకుండా వదిలేసిన సాగే బట్ట ఉంది. మెడలో టేపు తీసి తన ఛాతీకి చుట్టుకుంది. తన భుజం, తన నడుము, తన మోకాలు. చక్రం గిరగిరా తిరిగింది. కాఫీ చల్లారేలోపు మోచేతుల దాకా చేతులూ, మోకాళ్ల కింది దాకా కాళ్లూ ఉన్న ఈత బట్టలు తయారయ్యాయి. అద్దంలో చూసుకుని పక్కకి తిరిగింది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా వదులు కాలేదు. చాలా రోజుల తర్వాత తన ఒంటిని తాను మెచ్చుకుంది.

ఎండ వాలేసరికి ఇద్దరూ కొలను దగ్గరున్నారు. మాస్టారు ముందే బట్టలు మార్చుకుని నీళ్లలోకి దిగిపోయాడు. టైలరమ్మ ఆడవాళ్ల గదిలోంచి బయటికొచ్చింది. గట్టు మీద ఈత నేర్పే కోచ్ ఎవరో పిల్లల మీద విజిల్ ఊదుతోంది. నీలం పలకల మీద నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున పడున్న జడపిన్ను కూడా కనిపిస్తోంది. చెయ్యి పెడితే అందేలా ఉంది. ఇంతేనా, ఇందుకా ఇన్నేళ్లు భయపడ్డాను, అనుకుంది. తనలో ఉన్నది భయమో సంబరమో ఆమెకే తెలియడం లేదు.

ఎదురుగా ఇనప నిచ్చెన కనిపించింది. వెనక్కి తిరిగి కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. చల్లదనం పిక్కల దాకా, నడుము దాకా, ఛాతీ దాకా పాకి ఊపిరి ఆడనివ్వలేదు. ఆపుకోలేక కిలకిలా నవ్వేసింది. తల తిప్పి చూస్తే, కొలను అవతలి చివర మాస్టారు నడుము లోతు నీళ్లలో నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. ఎంత ఉత్సాహమో చూడు ఈయనకి, రమ్మని పిలుస్తున్నాడు!

"వస్తున్నా!" అని కేకేసింది.

మాస్టారు చేతులు ఇంకా జోరుగా ఊపాడు. ఏదో అరుస్తున్నాడు. పిల్లల గోలలో వినపడలేదు. గట్టు మీద కోచ్ గిరుక్కున ఇటు తిరిగింది. ఆమె నోట్లోంచి విజిల్ జారిపోయింది.

"అమ్మా! అక్కడ కాదు! అది లోతు వైపు!"

ఆ మాట చెవిన పడేలోపే టైలరమ్మ చెయ్యి కమ్మీని వదిలేసింది. నేల కోసం కాలు చాచింది. ఇంకా చాచింది. నేల లేదు.